భాగ్యనగరమున ఈజిప్టు మమ్మీ : ప్రాచీన శవపేటికల పరిరక్షణ

మానవుడు మృత్యువును ఎదుర్కొన్న తీరు ఒక్కొక్క జాతియందు ఒక్కొక్క విధముగ కనుపట్టుచున్నది. దేహమును అగ్నికి అర్పించి ఆత్మకు దారి చూపినవారు కొందరు. భూమికి అప్పగించినవారు మరికొందరు. నైలు నదీతీరమున వెలసిన ప్రాచీన ఈజిప్టు ప్రజలు మాత్రము దేహము నశించినచో ఆత్మ తిరిగివచ్చి నిలుచుటకు తావుండదని విశ్వసించిరి. ఆ విశ్వాసమునుండియే పిరమిడ్లు, కొండలలో తొలిచిన సమాధులు, మమ్మీలు, చిత్రవిచిత్రములైన శవపేటికలు పుట్టినవి. శవపేటికకు వారు వాడుకొన్న పేరులలో ఒకటి ‘జీవమునకు అధిపతి’ అను అర్థము నిచ్చును. చావును మోయు పెట్టెకు బ్రతుకు పేరు పెట్టుకొన్న ఆ జాతి హృదయము ఎట్టిదో ఈ ఒక్క మాటయే చెప్పగలదు.

ఆ పేటిక చేసిన శిల్పి దానిని మరల మానవనేత్రము చూడవలెనని కోరలేదు. చీకటి, పొడి గాలి, కదలిక లేని నిశ్శబ్దము, మూసివేసిన ద్వారము – ఈ నాల్గింటిని నమ్ముకొని అతడు దానిని నిర్మించెను. నేటి ప్రదర్శనశాల దానికి ఇచ్చునది సరిగా ఇందుకు విరుద్ధము: వెలుగు, జనుల ఊపిరితో తేమగిల్లిన గాలి, అడుగుల అదురు, నిత్యము తెరచిన ద్వారము. ఎవ్వరును చూడరాదని చేసిన వస్తువును అందరును చూచునట్లు నిలుపుట ఎట్లు? చూపుచునే కాపాడుట ఎట్లు? శవపేటికల పరిరక్షణ అను శాస్త్రమంతయు ఈ చిక్కుముడి చుట్టును తిరుగుచున్నది. ఈ చిక్కు దూరదేశములకు మాత్రమే చెందినది కాదు. తెలుగువారి నడుమ, హైదరాబాదు పబ్లిక్ గార్డెన్సులోని ప్రదర్శనశాలయందు ఒక ఈజిప్టు మమ్మీ 1930 నుండి ఉన్నది.

భారతదేశమున ఈజిప్టు మమ్మీలు కలిగిన ప్రదర్శనశాలలు సామాన్యముగ ఆరని చెప్పుదురు: కలకత్తా, ముంబయి, జయపురము, వడోదర, లక్నో, హైదరాబాదు. అండమాను దీవులనుండి ఓడలో ప్రధానభూమికి పోవు కుటుంబములలో అనేకులు కలకత్తాలోని ఇండియన్ మ్యూజియములో పిల్లలకు మొట్టమొదట చూపునది ఆ మమ్మీనే. దక్షిణాపథమున అట్టి వస్తువు హైదరాబాదులోనిది.

మమ్మీని సిద్ధము చేయు విధానము తెలిసినగాని పేటిక యొక్క ప్రయోజనము బోధపడదు. దేహమునుండి త్వరగా చెడిపోవు లోపలి భాగములను తొలగించి, ఈజిప్టు ఎడారిలోని ఎండిన సరస్సుల యొద్ద దొరకు ‘నాట్రన్’ అను సహజలవణమును లోపలను వెలుపలను దట్టముగ కప్పుదురు. ఇది సోడియము కార్బొనేటు, బైకార్బొనేటు ప్రధానముగ గల లవణము. సుమారు 40 దినములలో అది దేహములోని తేమనంతయు పీల్చివేయును. పిదప నూనెలు, వృక్షములనుండి స్రవించు సర్జరసములు పూసి, అవిసెనారతో నేసిన బట్టను సన్నని పట్టీలుగ చీల్చి వందలాది గజముల పొడవున చుట్టుదురు. మొత్తము కార్యము 70 దినముల పని. సూక్ష్మక్రిములు బ్రతుకుటకు నీరు కావలెను; నీటిని తొలగించినచో కుళ్ళు ఆగును. ఇంతకు మించిన రహస్యమేదియు ఇందులేదు. క్రీస్తుకు పూర్వము 5వ శతాబ్దమున ఈజిప్టును చూచిన గ్రీకు చరిత్రకారుడు హెరొడోటసు ఈ కార్యమునకు వాడిన క్రియాపదము చేపలను ఉప్పులో ఊరవేయుటకు గ్రీకులు వాడు పదమే. జంగ్లీఘాట్ రేవున ఉప్పుచేపలు ఆరుట చూచినవారికి ఈ సూత్రమును వేరుగ వివరింప పనిలేదు. రాజునకైనను చేపకైనను ప్రకృతిధర్మము ఒక్కటియే.

ఇక పేటిక సంగతి. ఈజిప్టులో మంచి కలప అరుదు. స్థానికముగ లభించు అత్తిజాతి మాను, తుమ్మ మాను గిడసబారినవి. పొడవైన పలకలు రావు. ధనవంతులు లెబనాను కొండలనుండి దేవదారును ఓడలపై తెప్పించుకొనిరి. తక్కినవారు చిన్నచిన్న చెక్కముక్కలను కొయ్యమేకులతోను, కుసులతోను అతికి పెట్టెను రూపొందించిరి. అతుకుల సందులలో మట్టి, సున్నము కలిపిన ముద్దను నింపి, పైన నారబట్ట అంటించి, దానిమీద జంతుచర్మపు జిగురుతో కలిపిన తెల్లని పూతను మెత్తి, ఆరిన పిమ్మట రంగులు వేసిరి.

ఈ వర్ణనను వినిన తెలుగువారికి కొండపల్లి బొమ్మ జ్ఞాపకము రాకమానదు. అచ్చటి శిల్పి తేలికైన తెల్లపొణికి కొయ్యను చెక్కి, చింతగింజల పిండి, రంపపుపొట్టు కలిపిన ‘మక్కు’తో అవయవములను అతికి, సున్నపు పూత పూసి, పిదప రంగు వేయును. కొయ్య, అతుకు, తెల్లపూత, రంగు – నైలుతీరమునను కృష్ణాతీరమునను పొరల వరుస ఒక్కటియే. కొండపల్లి బొమ్మ తడిసినచో ఏమగునో ప్రతి ఇల్లాలికిని తెలియును: మొదట పూత ఉబ్బును, పిదప పెళుసై రాలును, తరువాత అతుకు వీడును. రెండువేల యేండ్ల శవపేటిక కూడ సరిగా ఆ వరుసననే చెడును.

ఈజిప్టు పేటికలపై రంగులలో ఎఱ్ఱమట్టి, పచ్చమట్టి, హరిదళము, బొగ్గునలుపు ముఖ్యములు. వీటన్నిటికంటె విశేషమైనది ‘ఈజిప్టు నీలము’. ఇసుక, సున్నము, రాగి, క్షారము కలిపి కొలిమిలో దాదాపు 900 డిగ్రీల వేడిమికి తెచ్చి వారు దీనిని చేసిరి. మానవుడు కృత్రిమముగ తయారుచేసిన మొట్టమొదటి రంగుగ దీనిని శాస్త్రజ్ఞులు గణింతురు.

కాలక్రమమున కొయ్యకు బదులుగ మరియొక పద్ధతి కూడ ప్రబలినది. నారబట్టను, కొన్ని కాలములలో వాడి పారవేసిన పపైరస్ కాగితములను, పొరలు పొరలుగ అంటించి, సున్నపు పూతతో గట్టిపరచి, మమ్మీ ఆకృతికి తగినట్లు ముసుగుగ మలచి, రంగులు, బంగారురేకు అద్దుదురు. దీనిని ‘కార్టనేజి’ అందురు. తెలంగాణములోని చేర్యాల చిత్రకారులు ఖాదీబట్టకు గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి పట్టించి గట్టిపరచి దానిపై కథలు చిత్రించు పద్ధతికి ఇది దూరపు చుట్టము వంటిది. గ్రీకు టాలమీ వంశీయుల కాలమునాటి కార్టనేజి పొరలను విప్పి చూడగా, అందులో వాడిన చిత్తుకాగితములనుండి నాటి పన్నుల లెక్కలు, అర్జీలు, ఉత్తరములు, గ్రీకు కావ్యఖండములు సైతము బయటపడినవి. ఒక కార్యాలయము పారవేసిన దస్త్రము రెండువేల సంవత్సరముల పిమ్మట చరిత్రకు ఆధారమగునని ఆనాటి గుమాస్తా కలనైనను ఊహించి యుండడు.

హైదరాబాదు మమ్మీ ఈ టాలమీల కాలమునకు, అనగా క్రీ.పూ. 300కును 100కును నడిమి కాలమునకు చెందినదిగ ఎంచబడుచున్నది. నారపట్టీలలో చుట్టిన దేహము, దానిపై చిత్రించిన కార్టనేజి కవచము – ఇదియే అందలి ప్రధానరూపము. ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ అల్లుడైన నజీర్ నవాజ్ జంగ్ 1920 ప్రాంతమున దీనిని కొనెనని, వెల వేయి పౌనులని చెప్పుదురు. ఆయన దీనిని ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖానునకు సమర్పింపగా, నిజాము దానిని 1930లో హైదరాబాదు ప్రదర్శనశాలకు ఇచ్చెను. 1914లో ఏర్పడిన నిజాము రాజ్య పురావస్తుశాఖకు గులాం యజ్దానీ పండితుడు అధిపతియై యుండిన కాలమది. రాజ్యములు మారినవి, 1956లో ఆంధ్రప్రదేశము, 2014లో తెలంగాణము ఏర్పడినవి. మమ్మీ మాత్రము పబ్లిక్ గార్డెన్సును విడువలేదు.

ఒక దేశపు మృతదేహమును మరియొక దేశపు సంపన్నుడు వెలకు కొనుట నేటి మనసునకు కష్టముగ తోచును. కాని ఆనాడు ఈజిప్టులో అది న్యాయవిరుద్ధము కాదు. కైరో ప్రదర్శనశాలలోనే పురావస్తువులు అమ్ము గది ఒకటి ఉండెడిది. 1983లో వచ్చిన 117వ సంఖ్య శాసనముతోనే ఈజిప్టులో పురావస్తు వాణిజ్యము పూర్తిగ నిషేధింపబడినది. న్యాయము మారినను వస్తువు ఇచ్చటనే ఉన్నది గనుక బాధ్యతయు ఇచ్చటనే ఉన్నది. కొన్న వాని హక్కు వానితో ముగిసినది. కాపాడువారి ఋణము తీరలేదు.

ఈ మమ్మీ ‘ఆరవ ఫారో కుమార్తెయైన నైషూ రాకుమారి’ది అను ప్రతీతి చిరకాలముగ కలదు. బాలబాలికల హృదయములను ఆకర్షించు కథ యిది. అయినను చరిత్ర విద్యార్థి ఒక్కింత ఆగి ఆలోచింపవలెను. ఈజిప్టు చరిత్రయందలి ప్రథమ రాజులనుండి లెక్కించినచో ఆరవ ఫారో క్రీస్తుకు మూడువేల సంవత్సరములకు కొంచెము ఇటు అటుగ నుండినవాడు. టాలమీల కాలపు మమ్మీకి అతడు తండ్రి కాజాలడు. ‘ఆరవ’ యనగా ఆరవ టాలమీ యని చెప్పుకొన్నచో కాలము సరిపోవును, అతడు క్రీ.పూ. 180 నుండి 145 వరకు రాజ్యము చేసెను. కాని అతని కుమార్తెలుగ చరిత్రలో ప్రసిద్ధలైనవారు క్లియోపాత్రా థియా, మూడవ క్లియోపాత్రా అనువారు. నైషూ పేరు వారిలో కానరాదు. ఆనాడు మమ్మీలను అమ్మిన వర్తకులు వెల పెరుగుటకై సామాన్యులకు సైతము రాచరికము అంటగట్టుట లోకవిదితము. కావున ఆ పేరును ప్రతీతిగనే స్వీకరించుట మేలు. రాకుమారి కాకున్నను నష్టమేమి? ఎవరో తల్లిదండ్రులు డెబ్బది దినములు వేచి, రంగులద్ది, సాగనంపిన ఒక మానవదేహమది. గౌరవమునకు అంతకుమించిన బిరుదు అక్కరలేదు.

పరిరక్షణ శాస్త్రమునకు ప్రథమసూత్రమును నేర్పిన పాఠము ఆ నిజాము రాజ్యమునందే, ఆ 1920 ప్రాంతముననే జరిగినది. అజంతా గుహలు ఆ కాలమున హైదరాబాదు సంస్థానములోనివి. అచ్చటి చిత్రములు రాలిపోవుట చూచి ప్రభుత్వము ఇటలీనుండి లొరెంజో చెక్కోనీ అను నిపుణుని, ఆయనకు సహాయుడుగ కౌంట్ ఓర్సినీని పిలిపించెను. వారు 1920 – 22 నడుమ శ్రద్ధతో పనిచేసి, ఊడిపోవు పెచ్చులను గోడకు అతికించి నిలిపిరి. ఆ సేవ మరువరానిది. అయితే రంగులు నిలుచుటకై వారు పూసిన లక్కపూత కాలక్రమమున పసుపువన్నెకు, పిదప గోధుమవన్నెకు తిరిగి చిత్రములను మరుగుపరచెను. దానిని తొలగించుటకు తరువాతి తరముల రసాయనజ్ఞులు దశాబ్దములు శ్రమింపవలసివచ్చెను. ఈజిప్టులోను ఇట్టిదే జరిగినది. త్రవ్వకములలో దొరకిన పెళుసు పేటికలు చేతిలో పొడి కాకుండుటకై ఆనాటి పురావస్తుజ్ఞులు కరిగించిన మైనమును పోసిరి. పేటికలు నిలిచినవి, కాని మైనము దుమ్మును పట్టి రంగులను మసకబార్చినది.

వీరెవ్వరును అజ్ఞానులు కారు. తమ కాలపు ఉత్తమ విద్యతో పనిచేసినవారు. అందుచేతనే ఈ పాఠము విలువైనది. నేటి ఉత్తమ విద్య కూడ రేపటికి లోపముగ తోపవచ్చును. కావున చేసిన పనిని తరువాతివారు హాని లేకుండ తొలగింప వీలుండవలెనని పరిరక్షకులు నియమము పెట్టుకొనిరి. అతికినది విప్పగలిగి యుండవలెను. పూసినది తీయగలిగి యుండవలెను. చేర్చిన ముక్క పాతముక్కవలె నటింపరాదు. రాలిన ముఖమునకు క్రొత్త ముఖమును చిత్రించుట పరిరక్షణ కాదు. ఉన్నదానిని ఉన్నట్లు నిలుపుటయే పరిరక్షణ. పోయినదానిని పోయినట్లు ఒప్పుకొనుటయు అందలి భాగమే.

ఒక శవపేటిక పరిరక్షకుని బల్లపైకి వచ్చినప్పుడు జరుగు పని ఈ క్రమమున నుండును. మొదట తాకకుండ చూచుట. సామాన్యపు వెలుతురున, ఏటవాలు వెలుతురున, అతినీలలోహిత కిరణములలో ఛాయాచిత్రములు తీయుదురు. ఏటవాలు వెలుతురు ఉబ్బిన పూతను చూపును. అతినీలలోహిత కిరణములు పాత మరమ్మతులను, పూసిన సర్జరసములను బయటపెట్టును. ఎక్స్‌రే కొయ్యమేకులను, లోపలి పగుళ్ళను తెలుపును. పూర్వము మమ్మీ లోపలి సంగతి తెలియుటకు పట్టీలను కోసి విప్పెడివారు. విప్పిన పట్టీని మరల చుట్టుట అసాధ్యము. సీటీ స్కాన్ యంత్రము వచ్చిన పిమ్మట దేహమునకు గీటు పడకుండ ఎముకల స్థితి, వయస్సు, లోపల నుంచిన తాయెత్తులు తెలియుచున్నవి.

రెండవది శుభ్రపరచుట. నీటిని ముట్టరాదు, పూతలోని జిగురు నీటిలో కరిగిపోవును. పిల్లివెంట్రుకలవంటి మెత్తని కుంచెతో దుమ్మును లేపి, అతిమందముగ పీల్చు యంత్రముతో తీయుదురు. మూడవది నిలుపుట. లేచిన రంగుపెచ్చు క్రిందికి సన్నని సూదితోనో కుంచెతోనో పలుచని జిగురును జారవిడిచి, దూదిమెత్తతో మెల్లగ అదిమి కూర్చుండబెట్టుదురు. కార్టనేజి చిరిగిన తావున జపాను దేశపు మల్బరీనార కాగితమును వెనుకనుండి అతుకుగ వేయుదురు. ఆ కాగితము గాలివలె తేలికైనను నార పొడవగుటచే బలమైనది. జిగురులుగ మిథైల్ సెల్యులోజు, పారలాయిడ్ బి-72 వంటివి వాడుకలో నున్నవి. ఒకటి నీటితోను, రెండవది అసిటోనుతోను మరల కరుగును. ఒక అరచేతి మేర నిలుపుటకు ఒక దినము పట్టవచ్చును.

ఇంత చేసినను, ఉంచు తావు మంచిది కాకున్నచో శ్రమ వ్యర్థము. కొయ్య గాలిలోని తేమను పీల్చి ఉబ్బును, వదలి ముడుచుకొనును. దానిపై నున్న సున్నపుపూత ఉబ్బజాలదు, ముడువజాలదు, కావున పగులును. హైదరాబాదు వేసవిలో గాలి పొడిబారును. వానకారున తేమతో నిండును. ఏటేట ఈ రాకపోకలే పేటికకు ఉలిదెబ్బలు. తేమ మిక్కిలి పెరిగినచో బూజు. దాని వెంట పుచ్చుపురుగు. వెలుతురు రంగులను, నారను తినివేయును. అందుచేత ఇట్టి వస్తువులపై 50 లక్సులకు మించి కాంతి పడరాదని నియమము. చూపరులకు గది మసకగ తోచి విసుగు కలుగవచ్చును. ఆ మసక నిర్లక్ష్యము కాదు, శ్రద్ధ.

ప్రదర్శించు పెట్టె కూడ శత్రువు కావచ్చును. క్రొత్తచెక్క, రంగు, జిగురు, రబ్బరు మొదలైనవి కంటికి కనపడని ఆమ్లపు ఆవిరులను వదలును. బ్రిటిష్ మ్యూజియము రసాయనజ్ఞుడు ఆండ్రూ ఆడీ 1973లో దీనికొక సులభపరీక్ష కల్పించెను. వాడదలచిన పదార్థపు ముక్కను వెండి, సీసము, రాగి రేకులతోను, కొంచెము నీటితోను గాజుగొట్టములో మూసి, 60 డిగ్రీల వేడిమిలో 28 దినములు ఉంచుదురు. రేకులు నల్లబడినచో, తుప్పుపట్టినచో ఆ పదార్థము పనికిరాదు.

బూజును, పురుగును, రంగు వెలియుటను ఒక్క ఉపాయముతో చాలమట్టుకు అరికట్టవచ్చునని 1980 తరువాత తేలినది. అది ప్రాణవాయువును తొలగించుట. గాజుపేటికను గాలి చొరకుండ మూసి, లోపల నత్రజనిని నింపినచో పురుగులు సుమారు మూడు వారములలో చచ్చును. ప్రాణవాయువు కోరు సూక్ష్మజీవులు పెరుగజాలవు. అమెరికాలోని గెట్టి పరిరక్షణ సంస్థ ఈజిప్టు ప్రభుత్వముతో కలిసి ఇట్టి పేటికను రూపొందించెను; 1994లో కైరో ప్రదర్శనశాలలోని రాజుల మమ్మీలు అట్టి పేటికలలో చూపరులకు దర్శనమిచ్చినవి. కేంద్రప్రభుత్వ సిబ్బందికి ఆసక్తి కలిగించు విశేషమొకటి యిచ్చట కలదు. ఆ సంస్థయే ఢిల్లీలోని నేషనల్ ఫిజికల్ లేబొరేటరీతో కూడి, మన పార్లమెంటు గ్రంథాలయములోని రాజ్యాంగపు మూలప్రతులకును ప్రాణవాయువు లేని పేటికలను సిద్ధముచేసెను. ఫారోల దేహములను కాపాడు ఉపాయమే స్వతంత్రభారత ధర్మశాసనమును కాపాడుచున్నది.

హైదరాబాదు మమ్మీకి ఈ భాగ్యము 2016లో కలిగినది. ఎనుబదియారు సంవత్సరములు ప్రదర్శనలో నున్న పిదప కవచమునందు శిథిలత కనబడగా, తెలంగాణ పురావస్తుశాఖ వినోద్ డేనియల్ ప్రభృతి నిపుణులను రప్పించెను. ఎక్స్‌రే, స్కాన్ పరీక్షలు జరిగినవి. దుర్బలమైన భాగములకు చికిత్స జరిగినది. పిదప మమ్మీ ప్రాణవాయువు లేని క్రొత్త గాజుపేటికలో నుంపబడినది. ఎడారి సమాధి యిచ్చిన రక్షణను దక్కను నగరమున యంత్రసాయమున తిరిగి కల్పించు ప్రయత్నమే యిది.

పేటిక ఎంత గొప్పదైనను మానవుని జాగరూకతకు అది బదులు కాజాలదు. ఈజిప్టు రాజు టుటంఖామన్ మూడు పేటికలలో వెలుపలిదియగు బంగారుపూత కొయ్యపేటిక, 1922లో సమాధి బయటపడినది మొదలు అచ్చటనే యుండి, పూత పగిలి లేచిపోవుచుండగా, 2019 జూలైలో మాత్రమే చికిత్సకై గీజాలోని గొప్ప ప్రదర్శనశాలకు చేర్చబడినది. లోకప్రసిద్ధమైన పేటికకే తొంబదియేడు సంవత్సరముల నిరీక్షణ! మన దేశమున 2020 ఆగస్టులో జయపురమున కుండపోతగ వాన కురిసి ఆల్బర్ట్ హాల్ ప్రదర్శనశాలలోనికి నీరు చొచ్చుకొనివచ్చెను. అచ్చటి సిబ్బంది గాజుపెట్టెను పగులగొట్టి, ‘టూటూ’ అని పిలువబడు మమ్మీని ఎత్తి నీరందని తావునకు చేర్చిరి. వేలాది దస్త్రములు తడిసినవి, మమ్మీ దక్కినది. ఆనాడు దానిని కాపాడినది ఏ వాయువును కాదు. విధిని ఎరిగిన ఉద్యోగుల చేతులు. గాజు పోయినను సరియే, లోపలిది దక్కవలెనని ఆ క్షణమున వారికి తోచినది. ఏది ముఖ్యమో ఏది కాదో ఎరుగుటయే పరిరక్షణకు మూలము.

ఇన్ని దూరపు సంగతులు సముద్రమధ్యమందలి ద్వీపవాసులకేల యని శంకింపనక్కరలేదు. తేమ యొక్క బలమెట్టిదో అండమాను ప్రజలకంటె ఎరిగినవారు లేరు. ఏడాదికి సుమారు 3000 మిల్లీమీటర్ల వర్షము, ఉప్పుగాలి, విడువని ఉక్క – ఈజిప్టు ఎడారికి ఇది పూర్తిగ ఎదురుకొస. శ్రీవిజయపురమని 2024లో పేరు మారిన పోర్టుబ్లెయిరులో భారత మానవశాస్త్ర సర్వేక్షణ సంస్థవారి ప్రదర్శనశాల కలదు. ద్వీపజాతుల విల్లులు, పడవలు, బుట్టలు, కొయ్యబొమ్మలు మొదలైన వస్తువులు ఈ గాలిలో నిలుచుట వెనుక, కనబడని మనుష్యుల నిత్యశ్రమ యున్నది. అచ్చటికి పోవు కుటుంబములు వస్తువులతోపాటు ఆ శ్రమను కూడ చూడ నేర్చిన బాగుండును.

ఇక, శ్రీకాకుళము, విశాఖపట్టణము మొదలగు తావులనుండి జంగ్లీఘాట్ చేరి స్థిరపడిన తెలుగు గృహములలో సైతము చిన్నచిన్న ప్రదర్శనశాలలు కలవు. పాతపెట్టెలో తాతగారి తాళపత్రములు, అమ్మమ్మ పట్టుచీర, ఓడ దిగిన తొలినాటి ఛాయాచిత్రము, బొమ్మలకొలువులోని కొండపల్లి దశావతారములు – ఇవి రాజుల సొత్తు కాకున్నను వీటికి మారు లేదు. మహాప్రదర్శనశాలల సూత్రములే ఇంటికిని చాలును: గోడకు ఆనింపక గాలియాడనిచ్చుట, వానకారున తేమబట్టలో గాని ప్లాస్టిక్ సంచిలో గాని బిగించి ఉంచకుండుట, తడిగుడ్డతో రంగుబొమ్మను తుడువకుండుట, ఎండ నేరుగ పడు గోడకు పటమును తగిలింపకుండుట, చిరిగిన కాగితమునకు అంటుటేపు వేయకుండుట, ఛాయాచిత్రము వెనుక మెత్తని పెన్సిలుతో పేరు, ఊరు, సంవత్సరము వ్రాసియుంచుట. ఈ చివరిది మిక్కిలి ముఖ్యము. హైదరాబాదు మమ్మీకి దేహము దక్కినది, కవచము దక్కినది. నిస్సంశయమైన పేరు మాత్రము దక్కలేదు. ఈజిప్టు ప్రజలు పేరు నిలిచినంతకాలము మనిషి నిలుచునని నమ్మిరి. పేరు పోయిన పిదప ఏ నత్రజనియు దానిని తిరిగి తేజాలదు.

హైదరాబాదునకు పోవు ద్వీపవాసులు తప్పక ఆ మసకగదిలో ఒక్కింతసేపు నిలువవలెను. అచ్చట గాజువెనుక శయనించియున్నది వింతవస్తువు కాదు. ఇరువదియొక్క శతాబ్దములకు పైగ ప్రయాణము చేసి తెలుగునేలపై విడిసిన అతిథి. అతిథిని గౌరవించుట తెలుగువారికి నేర్పవలసిన విద్య కాదు. పిల్లలచే గాజును కొట్టనీయక, మెల్లగ మాటలాడి, పేరు తెలియని ఆ ప్రాణికి మనసులో ఒక నమస్కారముంచి వెలువడినచో, ఆమెను సాగనంపిన తల్లిదండ్రుల కోరిక కొంతకైనను తీరినట్లే యగును.